మూడో ఏడు వచ్చేసరికి గులాబీ ఎందుకు మొండికేస్తోంది?

పెరటి_పాదు:
నేలలో పెట్టిన అంటు గులాబీ, పెద్ద ఎర్ర పూల రకం. ఊరు హైదరాబాద్, ఎర్రమట్టి, బోరు నీళ్లు. పెట్టి మూడేళ్లయింది. మొదటి రెండు చలికాలాలు దండిగా పూసింది. ఈసారి ఆగస్టులో కత్తిరిస్తే, కోసిన చోటు నుంచి రెండు కొమ్మలు నల్లబడి కిందికి ఎండుతూ వస్తున్నాయి. మొదట్లోంచి లేతాకుపచ్చ కొమ్మ ఒకటి ఐదడుగులు లేచింది, ఒక్క మొగ్గ లేదు. కొత్త చిగుళ్లు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. పీకేసి కొత్తది పెట్టాలా, లేక ఇదే నిలబడుతుందా?

మట్టిచేతులు:
పీకకండి. ముందు ఆ ఐదడుగుల కొమ్మ సంగతి చూడండి. మొదట్లో మట్టి బెత్తెడు లోతు తోడితే అంటు కట్టిన చోటు ఉబ్బుగా, ముడిలా కనిపిస్తుంది. కొమ్మ ఆ ముడికి కింద నుంచి వస్తే అది మీ గులాబీ కాదు, కింది వేరుమొక్క (మీ రకాన్ని అంటు కట్టిన అడుగు మొక్క) పిలక. మల్టీఫ్లోరా వేరుమొక్క అయితే పూసినా తెల్లటి చిన్న పూల గుత్తులే. పిలకకు బలమెక్కువ, తిండంతా అదే లాగేస్తుంది. రెండేళ్లు వదిలేస్తే పై రకం పూర్తిగా పోయి అదొక్కటే మిగులుతుంది. "గులాబీ రంగు మారింది" అని చాలామంది అనుకునేది ఇదే.

నేలమట్టానికి కత్తిరిస్తే లాభం లేదు, కిందున్న కళ్ల (చిగురు మొలిచే చోట్ల) నుంచి మళ్లీ నాలుగు లేస్తాయి. అది పుట్టిన చోటిదాకా మట్టి తీసి, మందపాటి తోలు చేతితొడుగు వేసుకుని, కిందికి లాగి మడమతో (అది అంటుకున్న మొదలుతో) సహా చీల్చాలి. ఏడాకులుంటే పిలక, ఐదాకులుంటే గులాబీ అనే లెక్కను నమ్మొద్దు. మంచి రకాల్లోనూ ఏడాకుల రెమ్మలుంటాయి. ఎక్కడ పుట్టిందో చూడటమే ఖాయమైన గుర్తు.

అక్టోబరు_కత్తెర:
ఎండు తెగులుకు కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ: ఆగస్టు. వానల్లో కోసిన గాయం ఆరదు, శిలీంధ్రం అక్కడి నుంచే దిగుతుంది. మన దగ్గర గట్టి కత్తిరింపు వానలు వెనకబడ్డాక, అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు. కత్తిరించిన 45-50 రోజుల్లో పూలు. వానాకాలంలో ఎండిన పూలు, విరిగిన రెమ్మలు తీసేయడం వరకే.

నల్లబడ్డ కొమ్మల విషయంలో మాత్రం అక్టోబరు దాకా ఆగొద్దు, వాన లేని రోజు చూసి కోయండి. నలుపు అయిపోయిన చోట కాదు, ఇంకో రెండంగుళాలు కిందికి. కోసిన ముఖం చూడండి: మధ్య గుజ్జు గోధుమ రంగులో ఉంటే ఇంకా దిగాలి, తెల్లగా కనిపించేదాకా. ఒక్కో కోతకూ సికేచర్‌ను (కొమ్మలు కోసే కత్తెరను) స్పిరిట్‌తో తుడవాలి. కోత బయటివైపు చూసే కంటికి పావంగుళం పైన, ఏటవాలుగా. కంటికి పైన రెండంగుళాల మోడు వదిలితే ఆ మోడే ముందు ఎండుతుంది.

గాయానికి బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు అర లీటరులో, సున్నం 100 గ్రాములు ఇంకో అర లీటరులో, ప్లాస్టిక్ డబ్బాల్లో విడివిడిగా కలిపి తర్వాత ఒకటి చేయాలి. ఇనుప గిన్నె పనికిరాదు. చాకు మొన కాసేపు ముంచి తీస్తే ఎర్రటి రాగి పూత పట్టిందా, సున్నం చాలలేదని అర్థం. ఆ రోజే వాడేయాలి, నిలవ ఉంచితే పట్టు పోతుంది.

మొక్క పదేళ్లు బతకాలంటే ఏటా అన్ని కొమ్మలూ ఒకే ఎత్తుకు నరికే అలవాటు మానాలి. బెరడు ముదిరి బూడిద రంగుకు తిరిగిన కొమ్మ ఏడాదికొకటి, అంటు ముడి దాకా తీసేయండి. మిగిలినవాటిలో నాలుగైదు బలమైనవి ఉంచి సగం ఎత్తుకు కోయండి. జానెడే ఉంచి నరికితే పువ్వు పెద్దదొస్తుంది, నిజమే. కానీ మన ఎండలకు దుబ్బు అలిసిపోతుంది. పోటీకి పెట్టేవాళ్లకు తప్ప అది నాకు నచ్చదు.

బోరునీళ్లు:
పసుపు చిగుళ్లు ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నపు బోరు నీళ్లు మట్టిని క్షారంగా మార్చడంతో వేరు తీసుకోలేకపోతోంది. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయండి. వారం ఎడంతో రెండు మూడుసార్లు. ముందు నిమ్మ ఉప్పు కరిగించాలి, తర్వాతే అన్నభేది. నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే పారబోయాల్సిందే. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే ఇంకా మేలు.

కత్తిరింపు అయ్యాక పాదులో చివికిన పశువుల ఎరువు 8-10 కిలోలు, వేపపిండి పావు కిలో. పచ్చి పేడ వేస్తే చెదలు, వేరుపురుగు చేరతాయి.

పెరటి_పాదు:
తవ్వి చూశాను. పొడుగు కొమ్మ ముడికి కిందిదే, చీల్చేశాను. అయితే సరిగ్గా ముడి మీద నుంచి ఎర్రటి లావు చిగురొకటి జానెడు లేచింది. ఇదీ తీసేయాలా?

మట్టిచేతులు:
అయ్యో, దాన్ని ముట్టుకోకండి! ముడి మీద నుంచి వచ్చేది మీ రకమే, వచ్చే నాలుగేళ్ల పూలు దాని మీదే. రెండడుగులు రాగానే కొస తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. గాలికి మొదట్లో ఊడిపోతుంది కాబట్టి కర్ర పాతి వదులుగా కట్టండి. తవ్విన మట్టి మళ్లీ నింపేటప్పుడు ముడి నేలకు అంగుళం పైనే ఉండాలి, ఎరువు కుప్ప దాని మీదికి రాకూడదు.