ఫొటో చూసి గీసిన గుర్రానికి ఒరిజినల్ రేటు ఇవ్వొచ్చా?

పటమట వాసి:
మన విజయవాడలోనే ఒక ఆర్టిస్టు దగ్గర దౌడు తీసే గుర్రం బొమ్మ చూశాను. బొగ్గుతో గీసింది, ఎ2 సైజు, 18 వేలు చెప్పారు. బేరం కుదిరిందనుకునేసరికి మా బావమరిది ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూపించాడు. అదే గుర్రం, అదే భంగిమ, జూలులో విడివడిన పాయ కూడా అదే! ఆర్టిస్టు దాచలేదు, "రిఫరెన్సండీ, అందరూ వాడతారు" అన్నారు. దీన్ని ఒరిజినల్ కింద కొనొచ్చా?

బ్రాడీపేట మాస్టారు:
వద్దు బాబూ. చేత్తో గీశాడు కాబట్టి ఒరిజినల్ అంటే, పక్కవాడి పేపరు చూసి సొంత దస్తూరీతో రాసినవాడికీ ఫస్ట్ క్లాసు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో జార్జ్ స్టబ్స్ అనే చిత్రకారుడు నెలల తరబడి గుర్రాల కళేబరాలు కోసి, ఒక్కో పొర కండనీ చూసి గీసుకున్నాడు. 1766లో అది పుస్తకంగా అచ్చయింది. డబ్బు ఇవ్వాల్సింది ఆ చదువుకి.

బొగ్గుముక్క:
మాస్టారూ, కోసి చూస్తే కండ తెలుస్తుంది, పరుగు తెలియదు కదండీ. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ అనే గుర్రప్పందెం బొమ్మలో గుర్రాలు ముందు కాళ్ళు ముందుకి, వెనక కాళ్ళు వెనక్కి చాచి గాల్లో తేలుతుంటాయి. గుర్రం అలా పరిగెత్తదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి తీశాక తేలింది: నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణం ఉంది, కానీ అప్పుడవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. ఆ ఫొటోలు చూసి ఫ్రెంచి చిత్రకారుడు డెగా గుర్రాలు గీశాడు. ఆయన్నీ కాపీ మాస్టర్ అనేద్దామా?

బ్రాడీపేట మాస్టారు:
డెగా వాటిలో నడక నేర్చుకుని తన బొమ్మలు తను వేసుకున్నాడు, పాయకి పాయ దింపలేదు. జెరికో గుర్రం తప్పన్నావు, మరి ఆ బొమ్మ ఉన్న పారిస్ లూవ్ర్ మ్యూజియం వాళ్ళు దాన్ని అవతల పారేశారా? మన అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టం చూడు. కొన్ని పలకల్లో గుర్రం మీద మనిషే ఉండడు, పైన గొడుగు మాత్రం పట్టి ఉంటారు. ఏం చూపించాలో, ఏం వదిలెయ్యాలో శిల్పి తేల్చుకున్నాడు. ఈయన ఆ ఫొటోలో ఏం వదిలేశాడో అడగండి.

గుణదల గోపి:
మా హాల్లో ఏడు గుర్రాల పటం ఉంది, వాస్తు కోసం మా ఆవిడ కొంది. మీ లెక్కన ఏడూ ఒరిజినల్ కావాలంటే ఇల్లు అమ్ముకోవాలి.

బొమ్మల పిచ్చి:
కళ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, కొనేవాడి సంగతి నేను చెబుతాను. ముందు ఫొటో ఎవరిదో కనుక్కోండి. పర్మిషన్ లేకుండా దించి అమ్మితే ఆ ఫొటోగ్రాఫర్ కాపీరైట్ గొడవ వస్తుంది. రెండోది, బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైట్ మీది కాదు, రాసిస్తే తప్ప. ఆర్టిస్టు రేపు దాన్నే ప్రింట్లు వేసి అమ్ముకోవచ్చు. ఎన్ని వేస్తారో కాగితం మీద సంతకంతో తీసుకోండి.

బొమ్మని ఫ్రేములోంచి బయటికి తీయించి, పక్కనుంచి టార్చి కొట్టి చూడండి. బొగ్గు పొడి కాగితం గరుకులో అక్కడక్కడా కూర్చుని, కొన్ని గుంటలు తెల్లగా మిగులుతాయి. ప్రింటుని భూతద్దంలో చూస్తే మామూలుగా సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఇంకోటి, గ్లాసు బొమ్మకి తగలకుండా మౌంట్, అంటే చుట్టూ అట్ట అంచు, పెట్టించండి. మన బెజవాడ ఉక్కకి వానాకాలంలో కాగితానికి బూజు పట్టడం ఎంతసేపు!

పటమట వాసి:
అడిగాను. ఫొటో నెట్‌లో దొరికిందట, తీసిందెవరో తెలియదట. "కావాలంటే 12 వేలకి ఇస్తా" అన్నారు.

బొగ్గుముక్క:
నేను రిఫరెన్స్ తప్పు కాదన్నాను గానీ, ఎవరిదో తెలియని ఫొటో వాడమన్లేదు. అది వదిలెయ్యండి. ఆయన సొంత స్కెచ్ పుస్తకం ఉంటే చూపించమనండి, గుర్రాన్ని ఎదురుగా నిలబెట్టి గీసినవి అందులో ఉండొచ్చు. నేనైతే వాటిలో ఒకటి అడుగుతాను.

బ్రాడీపేట మాస్టారు:
ఇదే మాట మొదటే అనుంటే ఇంత టైపు చేసేవాణ్ణి కాదు కదయ్యా.