అప్‌డేట్: పుండు దానంతటదే మానింది, జబ్బు మాత్రం పోలేదు

మర్మాంగం మీద నొప్పి లేని పుండు వచ్చి, మందు లేకుండానే మానిపోయింది, ఇంకా పరీక్ష అవసరమా అని ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "మానినా సరే వీడీఆర్ఎల్ చేయించు తమ్ముడూ" అన్న అన్నయ్యకి. (వీడీఆర్ఎల్ అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉందేమో చూసే రక్తపరీక్ష.)

ప్రభుత్వాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్షా క్లినిక్‌కి వెళ్లాను. వీడీఆర్ఎల్, దాన్ని నిర్ధారించే టీపీహెచ్ఏ అనే రక్తపరీక్ష, రెండూ పాజిటివ్. సిఫిలిస్. ఈ పుండు మందు వాడకపోయినా 3 నుంచి 6 వారాల్లో మానుతుందట. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండి తర్వాత దద్దుర్లుగా బయటపడొచ్చు, ఏళ్లు గడిచాక గుండెనీ మెదడునీ పట్టొచ్చు. తొలి దశ కాబట్టి బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్క విడతే, రెండు పిరుదులకీ సగం సగం. ముందు టెస్ట్ డోస్ వేసి చూశారు. ఆ రాత్రి చలిజ్వరం వచ్చి హడలిపోయాను. క్రిములు చచ్చేటప్పుడు కొందరికి అలా అవుతుందట, మర్నాటికి తగ్గింది.

ఒంట్లో వేడి వల్ల వచ్చిందనడం, సబ్జా నీళ్లు తాగమనడం, ఇవన్నీ దీనికి సంబంధం లేనివి. పాతపట్నం చుట్టాలు చెప్పిన పసరు మందు వాడలేదు, నయమే. వాడుంటే దానివల్లే మానిందని ఊరంతా చెప్పేవాణ్ణి!

హెచ్‌పీవీ (సెక్స్ ద్వారా సోకే ఇంకో వైరస్) లాంటివి చాలామందిలో రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి. సిఫిలిస్ విషయంలో అలా ఎదురుచూడకూడదు.

మా ఆవిడకి నెగెటివ్, అయినా ఇంజెక్షన్ ఇచ్చారు. నాకు హెచ్ఐవీ నెగెటివే, మూడు నెలలకి మళ్లీ చూస్తారు. వీడీఆర్ఎల్ కూడా అప్పుడే. టీపీహెచ్ఏ నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకండి. ఒడియా రాకపోయినా పర్వాలేదు, కౌన్సెలర్ తెలుగులోనే మాట్లాడారు.