లైఫ్ కోచింగ్‌ని నమ్ముకుని ఉద్యోగం మానెయ్యొచ్చా?

ఏలూరమ్మాయి:

అందరికీ నమస్కారం. నాకు 39 ఏళ్లు. సొంతూరు ఏలూరు, ఉండేది మియాపూర్. పద్నాలుగేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను. పోయినేడాది మా ఆఫీసులో ఒకే వారంలో పదకొండు మందిని పంపించేశారు. ఆ పదకొండు మీటింగుల్లోనూ ఎదురుగా కూర్చున్నది నేనే. వాళ్లలో ఒకబ్బాయి రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, "మేడం, ఆ రోజు నేను చెప్పేది చివరిదాకా విన్నది మీరొక్కరే" అన్నాడు. అప్పట్నుంచి ఈ లైఫ్ కోచ్ పురుగు తొలిచేస్తోంది. అదే, ఎదుటివాళ్లని ప్రశ్నలడిగి, వాళ్ల దారి వాళ్లే తేల్చుకునేలా చేసే పని.

ఇవాళ 99 రూపాయలు కట్టి మూడు గంటల వెబినార్ విన్నాను. చివర్లో అసలు సంగతి చెప్పారు. కోర్సు ఫీజు లక్షా ఎనభై అయిదు వేలు, రాత్రి పన్నెండులోపు కడితే తగ్గింపు, మూడు నెలల్లో నెలకి లక్ష సంపాదన అట. నాకు ఇంటి లోన్ నెలకి 41 వేలు పోతుంది. "ముందు నీకో కోచ్ కావాలి" అని మా ఆయన నవ్వుతున్నారు. ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

పటాన్‌చెరు పోరడు:

పైసలు కట్టకక్కా. అసొంటి వెబినార్లు నేను గూడ మస్తు విన్న. గా కోర్సు చేసినోళ్లు ఇప్పుడేం చేస్తున్నరో సూడు, మల్ల గదే కోర్సు ఇంకొకలకు అమ్ముతున్నరు. మా దోస్తు ఒకడు ఇన్‌స్టాల 'ట్రాన్స్‌ఫర్మేషన్ కోచ్' అని పెట్టుకున్నడు. ఆరు నెలలు గాలే, ఇప్పుడు రోజూ పొద్దున నాకు ఓపెన్ ప్లాట్ల పాంప్లెట్లు పంపుతున్నడు.

సీతమ్మధార మేడం:

మాది విశాఖ. ఇంటర్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. లైఫ్ కోచింగ్ మొదలుపెట్టి ఏడేళ్లయింది, కాలేజీ మానేసి నాలుగేళ్లే. అంటే మొదటి మూడేళ్లూ పగలు త్రికోణమితి, సాయంత్రం కోచింగ్. మొదటి ఏడాది మొత్తం కలిపి 38 వేలు వచ్చాయి. నెలకి కాదు, ఏడాదికి. మీ 41 వేల ఈఎంఐ పక్కన పెట్టి చూసుకోండి.

మన దేశంలో లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు ఏమీ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి, మనకి ఆ బాధ లేదు. అందుకే ఇన్ని వెబినార్లు. కంపెనీల వాళ్లు సర్టిఫికెట్ అడిగితే ఎక్కువగా అడిగేది ఐసీఎఫ్‌ది. అదే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, 1995లో అమెరికాలో పెట్టారు. దాని మొదటి మెట్టు ఏసీసీకి 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్, ఆ వందలో 75 ఫీజు తీసుకుని చేసినవై ఉండాలి. పైన 10 గంటలు మెంటర్ దగ్గర, అంటే మన కోచింగ్ తీరు చూసి దిద్దే సీనియర్ కోచ్ దగ్గర, కూర్చోవాలి, అది కూడా కనీసం మూడు నెలలకి పరిచి. ఒక్క మెంటర్ పనికే మూడు నెలలు పడుతుంటే ఆ వెబినారాయన మూడు నెలల్లో లక్ష ఎలా ఇప్పిస్తాడో మీరే అడగండి. ఆ కోర్సుకి ఐసీఎఫ్ గుర్తింపు ఉందో లేదో వాళ్ల మాట మీద కాదు, ఐసీఎఫ్ సైట్లో మీరే చూసుకోండి. అన్నట్టు, ఫీజు అంటే డబ్బే అవ్వాలని లేదు, వస్తువు రూపంలో ఇచ్చినా లెక్కే. నేను చేసిన గంటలు రాసుకునే లాగ్‌లో ఒక గంట ఎదురుగా 'రెండు కేజీల పలాస జీడిపప్పు' అని రాసి ఉంది.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. సలహా ఇవ్వకుండా కూర్చోవడం. మనకది పుట్టుకతో రాదు. మొదట్లో ఒక బట్టల కొట్టాయన వచ్చి, తమ్ముడితో వాటాలు తేల్చుకోవాలా వద్దా అని అడిగారు. లెక్కల టీచర్ని కదా, ఆన్సరు చెప్పేశాను: తేల్చేసుకోండి. ఆయన ఇంటికెళ్లి "కోచ్ మేడమే చెప్పింది" అన్నారట. ఆ వారం వాళ్ల తమ్ముడి భార్య నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తర్వాత మా మెంటర్ నా సెషన్ రికార్డింగ్ ఒకటి విన్నారు. నలభై నిమిషాల్లో ఇరవై ఏడు నేనే మాట్లాడాను. "ఇది కోచింగ్ కాదమ్మా, ట్యూషన్" అన్నారు.

మెల్లగా 'ఎందుకు' అనే మాటనీ తీసేశాను. మన ఇళ్లలో "ఎందుకలా చేశావ్" అంటే ప్రశ్న కాదు, చీవాట్లు. వెంటనే సంజాయిషీ మొదలెడతారు. "అప్పుడేమైంది", "ఏం చూసి అలా అనిపించింది" అంటే విషయం చెప్తారు.

ఒక బ్యాంకు ఆఫీసరు గారు వచ్చేవారు. ప్రమోషన్ తీసుకుంటే బదిలీ. అబ్బాయి ఇంటర్ సెకండియర్, అత్తగారికి డయాలసిస్. అరగంట ఇవే చెప్పారు. "ఇవేవీ లేవనుకోండి, అప్పుడు?" అన్నాను. ఐడీ కార్డు తాడు వేలికి చుట్టుకోవడం, విప్పడం. పక్కింట్లో కుక్కర్ నాలుగు కూతలు కూసింది. నాకు నోరు దురద పెట్టేస్తోంది. చివరికి ఆవిడే, "అప్పుడూ వెళ్లనండీ. నాకు మేనేజర్ అవ్వాలనే లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అన్లేదు" అన్నారు. ఆ కుక్కర్ కూసినంతసేపూ నోరు మూసుకున్నందుకే ఆ రోజు నా ఫీజు.

ఇప్పుడు సెషన్‌కి 2,500 తీసుకుంటాను. వారానికి పది మించితే పదకొండోవాళ్ల మాట చెవికెక్కదు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, ఇంకా ఆ భాగ్యం నాకు పట్టలేదు. 'జీవితం బాగుచేస్తాను' అంటే ఎవరూ రారండీ. మీకు తెలిసిన మనుషులు ఎవరో చూసుకోండి. కొత్తగా టీం లీడ్ అయి, నిన్నటి ఫ్రెండ్స్‌కి ఇవాళ రేటింగ్ ఇవ్వలేక నలిగిపోయేవాళ్లు మీకు రోజూ కనిపిస్తారు కదా. మీ కంపెనీ వాళ్లని మాత్రం ముట్టుకోకండి. బయటి పని చేయొచ్చో లేదో అపాయింట్‌మెంట్ లెటర్లో చూసుకోమని హెచ్‌ఆర్‌కి నేను చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. వారాల తరబడి నిద్ర లేదన్నా, చావు మాట ఎత్తినా అది మన పని కాదు. టెలిమానస్ అని ప్రభుత్వం వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు చేతికిచ్చి, వాళ్లు ఫోన్ చేసేదాకా పక్కనే ఉండండి.

ఏలూరమ్మాయి:

మేడం, రెండుసార్లు చదివాను. ఆ రాత్రి పన్నెండు గడువు దాటిపోయింది, పొద్దున్నే 'మీ కోసం గడువు పెంచాం' అని మెసేజ్ వచ్చింది! తమ్ముడూ, నువ్వన్నది నిజమే. ఉద్యోగం వదలను, ముందు గుర్తింపున్న కోర్సు వెతుక్కుంటాను. ఒక్క మాట, నాకు ఫోన్ చేసిన ఆ అబ్బాయితోనే మొదలుపెట్టనా?

సీతమ్మధార మేడం:

వద్దు. ఉద్యోగం పోయిందని కాగితం అందించిన చేత్తోనే ఫీజు అందుకుంటారా? ఆ అబ్బాయికి వేరే ఎవరినైనా చూపించండి. మీరు ఈ వారం ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, వాళ్లకి ముందే చెప్పి రికార్డింగ్ పెట్టుకుని, అరగంట వాళ్ల సంగతి అడగండి. తర్వాత మీరెంతసేపు మాట్లాడారో లెక్కేసి ఇక్కడ రాయండి.

ఏలూరమ్మాయి:

చెల్లెలితో ఫోన్లో చేశాను. ముప్పైలో పంతొమ్మిది నిమిషాలు నావే. ఇరవయ్యో నిమిషంలో "అక్కా, స్టవ్ మీద పాలున్నాయి" అంది. ఉన్నాయో లేవో మరి.