వేలాడే స్ప్రింగు లెక్కలో ఎంజీ రాయాలా, వద్దా?

భీమవరం ఫస్టియర్:
అందరికీ నమస్కారమండి. డోలనాలు చాప్టర్లో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. పైనుంచి వేలాడే స్ప్రింగు, బల స్థిరాంకం మీటరుకి 50 న్యూటన్లు. కొక్కేనికి అర కిలో దిమ్మ తగిలించి, స్ప్రింగు సాగకుండా చేత్తో పట్టుకుని ఒక్కసారిగా వదిలేశారు. కంపన పరిమితి (ఊగుడులో వెళ్లే గరిష్ఠ దూరం) ఎంత, గరిష్ఠ వేగం ఎంత? గురుత్వ త్వరణం జీ విలువ 10 తీసుకోమన్నారు. కాలేజీలో సార్ "నిలువు స్ప్రింగులో బరువు సంగతి మర్చిపో, సమతాస్థితి నుంచి కొలువు, చాలు" అంటారు. ట్యూషన్ మాస్టారేమో ప్రతిసారీ ఎంజీ (ద్రవ్యరాశి × జీ, అంటే దిమ్మ బరువు) రాసి తీరాలంటారు. నేను శక్తి సమీకరణం రాస్తే 20 సెం.మీ. వచ్చింది, అదే కంపన పరిమితి అని పెడితే తప్పు కొట్టారు. పరీక్ష దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలండి?

రాజోలు బీటెక్:
కాలేజీ సార్ మాటే విను తమ్ముడూ. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి నిమిషం మీద ఏడెనిమిది సెకన్లు. నీ లెక్క చూడు. బరువు 5 న్యూటన్లు, దాన్ని 50తో భాగిస్తే 10 సెం.మీ. సాగుతుంది, అదే సమతాస్థితి, అంటే దిమ్మ ఊగకుండా నిలిచే చోటు. నువ్వు వదిలింది దానికి 10 సెం.మీ. పైన, కాబట్టి కంపన పరిమితి 10. 50ని 0.5తో భాగించి వర్గమూలం తీస్తే కోణీయ పౌనఃపున్యం 10, దాన్ని 0.1తో గుణిస్తే గరిష్ఠ వేగం సెకనుకి 1 మీటరు. ఆవర్తన కాలం, అంటే ఒక పూర్తి ఊపుకి పట్టే సమయం, 0.63 సెకను. అయిపోయింది, ఇందులో ఎంజీతో పనేముంది?

తణుకు ఫిజిక్స్ టీచర్:
బాబూ, ఎంజీతో పనిలేదంటూనే మీరు మొదటి లైన్లో 5 న్యూటన్లు ఎక్కడినుంచి తెచ్చారు? అది ఎంజీయే కదా. నేను పిల్లలకి చెప్పేది ఇదే, దాన్ని మర్చిపోమని ఎవరన్నా వినొద్దు, ఎక్కడ వాడామో ఎక్కడ మానేశామో తెలిసుండాలి.

మీ ఊళ్లో రొయ్యల చెరువు గట్టు మీద వేలాడే స్ప్రింగు కాటా చూసే ఉంటావు ఫస్టియర్ అబ్బాయీ. ట్రే కొక్కేనికి తగిలించి చెయ్యి వదిలేస్తే ముల్లు అసలు బరువు దాటి కిందికి పోతుంది, మళ్లీ పైకొస్తుంది, అలా ఊగి ఊగి ఒకచోట నిలుస్తుంది. నీకొచ్చిన 20 సెం.మీ. ఆ ముల్లు చేరే అడుగు హద్దు. అక్కడ దిమ్మ పోగొట్టుకున్న స్థితిజ శక్తి 1 జౌలు, స్ప్రింగులో చేరిందీ 1 జౌలే, కాబట్టి నీ సమీకరణం తప్పు కాదు. కాకపోతే కంపన పరిమితిని ముల్లు చివరికి నిలబడే చోటునుంచి కొలవాలి, సున్నానుంచి కాదు. అందుకే అది సగం. నిన్ను తప్పు కొట్టినవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పుంటే ఇక్కడిదాకా వచ్చేవాడివి కాదు.

రాజోలు బీటెక్:
ఒప్పుకుంటానండి మాస్టారూ, సమతాస్థితి ఎక్కడుందో చూసుకోడానికి ఎంజీ కావాలి. కానీ ఒకసారి చూసుకున్నాక ఆ బరువుని అక్కడ సాగిన స్ప్రింగు మోసేస్తోంది, ఇంకా కిందికి లాగితే ఆ అదనపు సాగుదలకి తగ్గ బలమే మిగులుతుంది. ఆవర్తన కాలంలో జీ కనిపించకపోవడానికి కారణం అదేగా. చంద్రుడి మీద వేలాడదీసినా అదే 0.63 సెకను, సమతాస్థితి మాత్రం పైకి జరుగుతుంది. ఒకసారి రుజువు చేసిన దాన్ని ప్రతి లెక్కలోనూ మళ్లీ రుజువు చెయ్యమంటే పిల్లాడు పేపరు ఎప్పుడు పూర్తి చేస్తాడండి?

తణుకు ఫిజిక్స్ టీచర్:
ఆవర్తన కాలం అడిగితే రాయనక్కర్లేదు, అక్కడ మీదే రైటు. శక్తి దగ్గరే పిల్లలు పడిపోతున్నారు. సాగుదలని సమతాస్థితి నుంచి కొలిచి, మళ్లీ ఎంజీహెచ్ (బరువు × ఎత్తు) కూడా కలుపుతారు, అంటే బరువుని రెండుసార్లు లెక్కేసినట్టు. సమతాస్థితి నుంచి కొలిస్తే సగం కె వై స్క్వేర్ (కె బల స్థిరాంకం, వై సమతాస్థితి నుంచి దూరం) ఒక్కటే, బరువు అందులోనే కలిసిపోయింది: సగం × 50 × 0.01, 0.25 జౌలు, మధ్యలో గతిజ శక్తీ అంతే. సహజ పొడవు నుంచి కొలిస్తే రెండూ రాయాలి. ఈ రెండింటినీ కలపకూడదు.

ఇంకోటి. స్ప్రింగు మీద పళ్లెం, పళ్లెంలో ఊరికే పెట్టిన దిమ్మ, ఎంత కంపన పరిమితి దాటితే దిమ్మ పళ్లేన్ని వదిలేస్తుంది అని అడుగుతారు. స్ప్రింగు సహజ పొడవుకి చేరే చోటే వదులుతుంది, ఎందుకంటే అక్కడ కిందికి త్వరణం సరిగ్గా జీ. బరువు సంగతి మర్చిపోయిన పిల్లాడు ఆ ప్రశ్న మొదలే పెట్టలేడు. ఇలాంటిది చూసి ఖాళీ పేపరు ఇచ్చొచ్చిన పిల్లల్ని చూశాను, ఆ బాధతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

భీమవరం ఫస్టియర్:
మాస్టారూ, సాయంత్రం నాన్నతో చెరువు దగ్గరికి వెళ్లి పాత స్ప్రింగు కాటాకి 5 కిలోల మేత సంచి తగిలించి చూశానండి. కింద చెయ్యి ఆన్చి, ముల్లు సున్నా మీద ఉండగా టక్కున వదిలాను. 9 దాటి, 10 అందుకోకుండానే వెనక్కి వచ్చింది, ఏడెనిమిది సార్లు ఊగి 5 దగ్గర ఆగింది. పూర్తిగా 10కి వెళ్లకపోవడం లోపలి రాపిడి వల్లేనా?

తణుకు ఫిజిక్స్ టీచర్:
అవును నాన్నా, ఊగి ఊగి ఆగిపోయిందంటే కారణం అదే. ఈసారి సంచిని చేత్తో మెల్లగా దించి చూడు, ముల్లు 5 దాటనే దాటదు. స్ప్రింగులో చేరేది పోయిన స్థితిజ శక్తిలో సగమే, మరి మిగతా సగం ఎటు పోయిందో రాసి రేపు ఇక్కడ పెట్టు.