ఇంట్లో మార్ఫిన్ మాత్రలు: వేళలు, మలబద్ధకం, ఆయాసం గురించి సందేహాలు

ప్రశ్న: గోదారి_గట్టు

నాన్నకు 68 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, వెన్నుపూసకు పాకింది. కీమో ఆపేశారు, ఇంట్లోనే చూసుకుంటున్నాం. మార్ఫిన్ 10 మి.గ్రా. మాత్ర నాలుగు గంటలకోసారి అని రాసిచ్చారు. అలవాటైపోతుందని బంధువులు భయపెట్టడంతో నొప్పి తట్టుకోలేనప్పుడే వేస్తున్నాం, రోజుకు మూడో నాలుగో అవుతున్నాయి. వేసిన కాసేపు బాగుంటుంది, తెల్లవారుజామున మళ్లీ మూలుగుతున్నారు. పాత నొప్పి మాత్ర ట్రమడాల్ కూడా నడుస్తోంది. నాలుగు రోజులుగా మోషన్ కాలేదు, ఇసబ్గోల్ ఇస్తున్నాం. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.1. ఆయాసానికి ఆక్సిజన్ మెషిన్ అద్దెకు తీసుకోమంటున్నారు, వేలికి పెట్టే మీటరులో ఆక్సిజన్ మాత్రం 95 శాతం చూపిస్తోంది. ఏది ఎలా సర్దుకోవాలి?

జవాబు 1: పాలియేటివ్_నర్సు

మిగతావన్నీ తర్వాత. ముందు ఒకటి చూడండి. వెన్నుపూసలో గడ్డ ఉన్న మనిషికి మోషన్ ఆగిందంటే తప్పు ప్రతిసారీ మార్ఫిన్‌దే కాదు. కాళ్లలో బలం తగ్గిందా? నడుస్తుంటే మోకాళ్లు మడత పడుతున్నాయా? నడుము కింద తిమ్మిరి ఉందా, మూత్రం బిగబట్టినట్టు ఉందా? వీటిలో ఏ ఒక్కటి కొత్తగా మొదలైనా వెన్నుపాము నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. రేపు చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మొదలుపెట్టి, వెన్ను మొత్తానికి ఎం.ఆర్.ఐ. తీసి, రేడియేషన్ ఇస్తారు. చికిత్స మొదలయ్యేనాటికి నడుస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆ తర్వాతా నడుస్తారు. కాళ్లు పడిపోయాక వెళ్తే తిరిగి లేవడం అరుదు.

కాళ్లు బాగుంటే ఇక మోషన్ సంగతి. ఇసబ్గోల్ ఈరోజే ఆపండి. దానికి గ్లాసుల కొద్దీ నీళ్లు కావాలి. సరిగా తాగలేని మనిషి పేగులో అది ముద్దకట్టి కూర్చుంటుంది. మార్ఫిన్ పేగు కదలికనే తగ్గిస్తుంది కాబట్టి పేగును కదిలించే మందు కావాలి. బిసాకోడిల్ 5 మి.గ్రా. మాత్రలు రాత్రికి రెండు వేయడం మామూలు పద్ధతి, గట్టిగా ఉంటే లాక్టులోజ్ సిరప్ కలుపుతారు. వికారం, మత్తు కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం సర్దుకోదు, అందుకే మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ విరేచనం మందు కూడా ఉండాలి. నాలుగు రోజులైంది కాబట్టి ముందు కింద నుంచి సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల) పెట్టాలి, అవకపోతే నర్సు చేత ఎనిమా. మధ్యలో నీళ్లలా కొంచెం కొంచెం కారితే విరేచనాలు పట్టుకున్నాయని మందు ఆపేస్తారు చాలామంది. అది లోపల గట్టిపడ్డ మలం పక్కనుంచి జారేది, ఆపితే ఇంకా బిగుసుకుంటుంది. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే ఇంట్లో ఏ విరేచనం మందూ వేయకుండా డాక్టర్‌కు చూపించండి.

జవాబు 2: నొప్పి_క్లినిక్

నొప్పి వచ్చాక వేస్తే ఎప్పుడూ దాని వెనకే పరుగెత్తాలి. మామూలు మార్ఫిన్ మాత్ర అరగంటలో పని మొదలుపెడుతుంది, సుమారు నాలుగు గంటలు ఉంటుంది. అందుకే నొప్పి ఉన్నా లేకున్నా గడియారం చూసి వేయాలి: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 10కి రెండు మాత్రలు వేస్తే 2 గంటలకు లేపనక్కర్లేదు. మీ తెల్లవారుజాము మూలుగు అక్కడే తగ్గాలి. మొత్తం రోజుకు 60 మి.గ్రా.

మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే 10. అదనం వేశామని తర్వాతి వేళ డోసు మానేయకూడదు. టైము, డోసు, పదికి ఎంత నొప్పి అన్నది నోటుపుస్తకంలో రాయండి. రోజుకు మూడుకు మించి అదనపు డోసులు పడుతుంటే ఆ పుస్తకం చూసి డాక్టర్ 30 నుంచి 50 శాతం పెంచుతారు. 10 కాస్తా 15 అవుతుంది, అంటే ఒకటిన్నర మాత్ర. అప్పుడు అదనపు డోసు కూడా 15.

ట్రమడాల్‌ను మార్ఫిన్‌తో కలిపి వాడటంలో అర్థం లేదు, ఆపేయమనే చెప్తారు, అడగండి. పారాసిటమాల్ ఉండొచ్చు. నిద్రమాత్రలు మాత్రం ఎవరో చెప్పారని కలపొద్దు, మార్ఫిన్‌తో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. వెన్ను నొప్పికి ఒకే విడతలో ఇచ్చే 8 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్ బాగా పనిచేస్తుంది, అదీ అడిగి చూడండి.

అలవాటు గురించి: మందుకు శరీరం అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. క్యాన్సర్ నొప్పికి లెక్క ప్రకారం వాడేవారిలో వ్యసనం అరుదు. ఒక్కసారిగా ఆపకూడదు, అంతే. మార్ఫిన్ చివరి మందు అన్న మాట కూడా పాతబడింది. ఇటలీలో 240 మంది క్యాన్సర్ రోగులతో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, మధ్యస్థ నొప్పికి ట్రమడాల్ వంటి బలహీన మందులు తీసుకున్నవారిలో 58 శాతం మందికి, తక్కువ డోసు మార్ఫిన్ తీసుకున్నవారిలో 88 శాతం మందికి గుణం కనిపించింది.

జవాబు 3: శ్వాస_ఫిజియో

95 ఉన్న మనిషికి ఆక్సిజన్ మెషిన్ అద్దె దండగ. 2010లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, ఆక్సిజన్ మరీ పడిపోని రోగులకు గొట్టంలో ఆక్సిజన్ ఇచ్చినా మామూలు గాలి ఇచ్చినా ఆయాసంలో తేడా రాలేదు. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాన్ కొనండి. ముఖానికి జానెడు దూరంలో, ముక్కు, పై పెదవి మీద గాలి తగిలేలా పట్టాలి. ముందుకు వంగి దిండు మీద మోచేతులు ఆనించి కూర్చోబెట్టండి, మంచం చుట్టూ జనాన్ని తగ్గించండి. తక్కువ డోసు మార్ఫిన్‌ను ఆయాసానికీ వాడతారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందేమో మాత్రం ఓసారి డాక్టర్ చేత చూపించండి.

గోదారి_గట్టు

చాలా థాంక్సండీ. కాళ్లు బాగానే ఉన్నాయి, సొంతంగా బాత్రూమ్‌కు వెళ్తున్నారు. డోసు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? మాత్రలు మా ఊరి షాపులో దొరకవంటున్నారు.

జవాబు 4: నొప్పి_క్లినిక్

మొదటి రెండు మూడు రోజుల నిద్రమత్తు మామూలే, పిలిస్తే లేచి మాట్లాడితే చాలు. పిలిచినా లేవకపోవడం, నిమిషానికి ఊపిరి ఎనిమిది కన్నా తగ్గడం, కంటిపాప సూదిమొనలా అవడం ప్రమాద సూచనలు. తర్వాతి డోసు ఆపి వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. చేతులు ఉలిక్కిపడ్డట్టు అదురుతుంటే కిడ్నీ పరీక్ష మళ్లీ చేయించాలి. కిడ్నీ మందగిస్తే మార్ఫిన్ వ్యర్థాలు ఒంట్లో పేరుకుంటాయి, అప్పుడు డోసు తగ్గించడమో చర్మం మీద అంటించే ఫెంటనిల్ నొప్పి మందు పట్టీకి మారడమో చేస్తారు. ఆ పట్టీ వేస్తే దాని మీద వేడినీళ్ల సంచి పెట్టకూడదు, మందు ఒక్కసారిగా లోపలికి వెళ్తుంది.

మార్ఫిన్ మాత్రలు గుర్తింపు పొందిన వైద్యసంస్థల్లో దొరుకుతాయి. 2014లో ఎన్.డి.పి.ఎస్. చట్టాన్ని (మత్తుమందుల నియంత్రణ చట్టం) సవరించాక వాటి అనుమతులకు దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లోనూ ఇలాంటి కేంద్రాలు నడుస్తున్నాయి. మీకు రాసిచ్చిన చోటే దగ్గర్లో ఎక్కడ ఇస్తారో అడగండి. నాన్నగారు ప్రయాణం చేయనక్కర్లేకుండా, ఆయన కాగితాలతో ఇంట్లోవాళ్లు వెళ్తే ఇస్తారేమో కూడా కనుక్కోండి. మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉంచండి, మిగిలినవి ఇచ్చిన చోటే లెక్కపెట్టి తిరిగి అప్పగించండి.