మనకు ఇష్టం సినిమా మీదా, దాన్ని మొదట చూసిన సందర్భం మీదా?

మొదటి పోస్టు:
"చిన్నప్పుడు నచ్చిన సినిమాల్లో సగం చెత్తే, ఆ వయసు మీద బెంగతో పొగుడుతుంటాం" అని ఈమధ్య ఒకరు అన్నారు. నేను ఒప్పుకోను. చిన్నప్పుడు జ్వరంతో పడుకుని టీవీలో ఒక సాహస సినిమా చూశాను. కారు లోయలో పడబోయే సీన్ రాగానే అన్నయ్య నా కళ్ళు మూసేశాడు. వాడి వేళ్ళ సందుల్లోంచి చూశాను. పెద్దయ్యాక మళ్ళీ చూస్తే అది బొమ్మ కారని ఇట్టే తెలిసిపోయింది. అయినా గుండె దడదడలాడింది. ఆ దడ నిజమే కదా! మొదటిసారి ఎవరి పక్కన, ఏ స్థితిలో చూశామన్నదే ఇష్టాన్ని నిర్ణయిస్తుందని నా వాదన.

జవాబు:
మరి అదే జ్వరంలో, అదే అన్నయ్య పక్కన చూసిన మిగతా సినిమాలు ఏమయ్యాయండీ? అవి ఎందుకు గుర్తులేవు? ఆ సీన్‌లో పట్టు ఉంది కాబట్టే మీ అన్నయ్యకు కళ్ళు మూయాలనిపించింది.

జవాబు:
సందర్భం బలాన్ని తక్కువ చేయకండి. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అనే హాలీవుడ్ సినిమా 1946లో వచ్చినప్పుడు పెట్టుబడి కూడా రాలేదు. 1974లో కాపీరైట్ రెన్యువల్ చేయకపోవడంతో అమెరికా టీవీ స్టేషన్లు హక్కులకు డబ్బు కట్టే పని లేకుండా ప్రతి క్రిస్మస్‌కూ దాన్ని వేస్తూపోయాయి. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. మారిందల్లా చూసే చోటు, పక్కన కూర్చున్న మనుషులు. పండక్కి ఇంటిల్లిపాదీ కలిసి చూశాక అది వాళ్ళ సొంత సినిమా అయిపోయింది. పైగా నడివయసు దాటినవాళ్ళకు పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య జ్ఞాపకాలే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చెప్తోంది. ఆ వయసులో చూసిన సినిమా మీద అంత మమకారం ఉండటంలో వింతేముంది?

జవాబు:
కాపీరైట్ పోయిన సినిమాలు ఇంకా బోలెడు ఉన్నాయి. అన్నింటికీ ఆ యోగం పట్టలేదేం? ఇంకోటి చూడండి. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్' 1956లో మొదటిసారి టీవీలో వచ్చింది, 1959 నుంచి దాదాపు ఏటా వేశారు. కథ ఓజ్ లోకంలోకి వెళ్ళగానే తెర రంగులమయం అవుతుంది, ఆ సినిమాకు అదే ప్రాణం. కానీ అప్పట్లో చాలా ఇళ్ళలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ టీవీలే. అంటే ఎంతోమంది పిల్లలు దాన్ని అసలు రంగులే లేకుండా చూసి ప్రేమించారు. అంతకంటే అన్యాయమైన మొదటి చూపు ఇంకేముంటుంది?

మొదటి పోస్టు రాసినవారు:
మీ ఉదాహరణ నా వైపే ఉందండీ! ఏడాదికి ఒక్కసారి, ఆ రోజు తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే. రంగులు లేని లోటును ఆ ఎదురుచూపే తీర్చింది. ఇప్పుడు ఏ సినిమా అయినా ఏ అర్ధరాత్రయినా ఫోన్‌లో దొరుకుతుంది, మధ్యలో ఆపి మెసేజ్‌లు చూసుకుంటాం. అలా చూసి "ఏముంది ఇందులో" అని రేటింగ్ ఇచ్చేవాళ్ళ మీదే నా కోపమంతా. సినిమాను తిట్టండి, కాదనను. కానీ ఎలా చూశారో కూడా రాయండి. "బస్సులో, ఇయర్‌ఫోన్ ఒకటే పనిచేస్తుండగా చూశాను" అని ఒక్క ముక్క ఉంటే చాలు, ఆ రివ్యూకి ఎంత విలువ ఇవ్వాలో నేనే తేల్చుకుంటాను.

జవాబు:
ఆ షరతు బాగుంది. పొగిడేవాళ్ళకూ అదే వర్తించాలి మరి. "జ్వరంలో, అన్నయ్య పక్కన" అని మీరూ రాయాల్సిందే.