ఇంటి సర్వర్ కోసం ఎండాకాలం ఏసీ వేయాలా?

డాబాఇల్లు (విజయవాడ):
పాత డెస్క్‌టాప్‌ని సర్వర్‌గా (ఇంట్లో అందరి ఫైళ్లూ దాచే, రోజంతా ఆన్‌లో ఉండే కంప్యూటర్‌గా) మార్చి రెండేళ్లయింది. రెండు 4 టీబీ డిస్కుల్లో ఇంట్లో అందరి ఫొటోలూ ఉన్నాయి. పై అంతస్తు గదిలో అటక మీద పెట్టాను. మే వచ్చేసరికి డిస్క్ 58 డిగ్రీలు చూపిస్తోంది, కంపెనీ ఇచ్చిన హద్దు 60. టెన్షన్‌తో రాత్రిళ్లు ఆ గదికి ఏసీ వేస్తున్నాను. వేసిన రాత్రి మీటర్ 5 యూనిట్లు ఎక్కువ తిరుగుతోంది. ఇంట్లో గొడవ. వేయాలా, మానాలా?

నిజాంపేట:
వేయండి. డిస్క్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఫొటోలు ఎక్కడ కొంటారు?

గోదారిగట్టు:
నేను ఒప్పుకోను. ఫొటోలను కాపాడేది బ్యాకప్, ఏసీ కాదు. ఇంకో కాపీ వేరే ఇంట్లో లేకపోతే చల్లటి గదిలో కూడా పోతాయి. డాబాఇల్లు గారూ, అసలు తప్పు అటక దగ్గరుంది. స్లాబు పగలంతా ఎండ తాగి సాయంత్రం నుంచి కిందకి వదులుతుంది. మా ఇంట్లో గంటగంటకీ స్మార్ట్ రీడింగ్ (డిస్క్ తన వేడీ, పరిస్థితీ తానే చెప్పే లెక్క) రాయించి చూశాను. మధ్యాహ్నం 2కి కాదు, రాత్రి 8 దాటాక డిస్క్ బాగా వేడెక్కేది. బయట గాలి చల్లబడుతున్నా అటక మీద మాత్రం సెగే. కింది గదిలో, నేలకి జానెడు ఎత్తులో, తలుపుల్లేని స్టాండ్ మీద పెట్టండి.

ఇంకోటి, 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా డిస్కుల లెక్కలు బయటపెట్టారు. చల్లగా ఉన్నంత మాత్రాన ఎక్కువ కాలం బతుకుతాయని తేలలేదు.

నిజాంపేట:
ఆ పేపర్ నేనూ చదివాను. బాగా వేడెక్కిన డిస్కులు, అందులోనూ మూడేళ్లు దాటినవి, ఎక్కువ పోయాయని కూడా అందులోనే ఉంది. 58 మామూలు వేడి కాదు. సగం చెప్పి ఆయనకి ధైర్యమిస్తే ఎలా?

గోదారిగట్టు:
నిజమే, ఆ ముక్క నేను కలపాల్సింది. 58ని వదిలేయమనడం లేదు. ఏసీ లేకుండానే దించమంటున్నాను.

ఖమ్మంమెట్టు:
నెలకి 150 యూనిట్లు ఏసీకే పోతున్నాయి! మా తెలంగాణలో గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకి 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. సర్వర్ ఒక్కటే ఎంత లాగుతుందో ప్లగ్ మీటర్ పెట్టి చూడండి. అలాగే ఇన్వర్టర్ మీద ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లోకి మార్చండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయిన ఆ చిన్న గ్యాప్‌లోనే మా మిషన్ రీస్టార్ట్ అయ్యేది. నా లెక్కలో డిస్కులకి వేడి కంటే అదే పెద్ద శత్రువు.

డాబాఇల్లు:
వారం తర్వాత రాస్తున్నాను. కిందకి దించే ముందు కేసు విప్పితే ముందువైపు ఉన్న ఫ్యాన్ వెనక దుమ్ము పరుపులా పట్టేసింది. వేలితో లాగితే చాపలా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. తుడిచి, హాల్లో స్టాండ్ మీద పెట్టాక ఏసీ లేకుండా 47. ప్లగ్ మీటర్‌లో 62 వాట్లు, అంటే నెలకి 45 యూనిట్ల దాకా. తక్కువ కరెంటుతో నడిచే చిన్న కంప్యూటర్, ఇంటెల్ ఎన్100 మినీ పీసీ కొనేయనా?

గోదారిగట్టు:
కొనండి. కరెంటు తక్కువ తాగితే వేడీ తక్కువే.

నిజాంపేట:
ఇప్పుడే వద్దు. డిస్కులు కలిపి అది 18 వాట్లు లాగిందనుకున్నా నెలకి 32 యూనిట్లే మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే 224. 13 వేలు పెడితే తిరిగి రావడానికి దాదాపు ఐదేళ్లు. ముందు గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే పీకేయండి, సర్వర్‌కి దాంతో పని లేదు.

డాబాఇల్లు:
పీకేశాను. 46 వాట్లు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బూట్ కూడా ఆగలేదు. మిగిలిన డబ్బుతో ఒక 4 టీబీ డిస్క్ కొని, ఫొటోలు ఎక్కించి గుడివాడలో చెల్లి వాళ్లింట్లో పెడుతున్నాను.